నాలుగో చెంచా

బక్రీద్‌కు నెల ముందు నుంచే దబీర్‌పురాలో దస్తగీర్ దాణా దుకాణం కిటకిటలాడుతోంది. అందరికీ ఒకటే కావాలి. విటమిన్ పొడి. దాణాలో కలిపితే పొట్టేలు బొచ్చు మెరుస్తుందట, ఒళ్లు నిండుతుందట. వారానికి ఒక పెట్టె అమ్మేవాడు, ఇప్పుడు రోజుకు రెండు.

సరుకు తెచ్చే రవీందర్ ఆ రోజు పెట్టె దించి, దస్తగీర్‌ను పక్కకు పిలిచాడు. పశువుల దాణా గురించి చదువుకున్నవాడు.

“భాయ్, రోజుకు ఒక్క చెంచా అని ప్యాకెట్ మీదనే ఉంది. మీరు మూడు వెయ్యమంటున్నరట?”

“మూడేస్తే మూడు ప్యాకెట్లు పోతయి. నీకేం నొప్పి?”

“ఎక్కువైంది బయటికి పోదు భాయ్. అంత కార్జంలనే, అదే లివర్లనే, కూడుతది. పొట్టేలును చూస్తే ఏం తెల్వది. గా కార్జం కడుపుతోని ఉన్నోళ్లు తింటే లోపలి బిడ్డకు ఖతరా.”

దస్తగీర్ ప్యాకెట్ తిప్పి వెనక రాసింది చదివాడు.

కూతురు హఫ్సాకు అప్పుడు నాలుగో నెల. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి పుట్టింటికి తెచ్చుకుని, మెట్లు కూడా ఎక్కనివ్వడం లేదు.

“ఒక కాగితం రాసి అంటించుండ్రి” అన్నాడు రవీందర్.

“పండుగ పూట జనాన్ని భయపెట్టాల్నా? పో, చాయ్ తాగి పో.”

కాగితం అంటించలేదు. ఇంట్లోనూ చెప్పలేదు. చెబితే, మరెందుకు అమ్ముతున్నారని భార్య సురయ్యా అడుగుతుంది. తన ఇంటికి మాత్రం పచ్చిగడ్డి మేసిన పొట్టేలునే వెతికి కొన్నాడు. డాబా మీద కట్టేసి, తన చేత్తోనే మేత వేశాడు. చిటికెడు పొడి తగలనివ్వలేదు.

పక్కింటి మొయిన్ దుకాణానికి వచ్చాడు.

“భాయ్, మూడు చెంచాలేసినా నా పొట్టేలు నీ అల్లుడి లెక్క బక్కగనే ఉంది.”

“నాలుగు వెయ్.”

“నాలుగేస్తే గుర్రమైతదా?” మొయిన్ నవ్వుతూ రెండు ప్యాకెట్లు సంచిలో వేసుకున్నాడు. “సరే, పండుగనాడు తిని నువ్వే చెప్పు.”

పండుగ రోజు కసాయి ఎనిమిదింటికే వస్తానన్నాడు. నమాజ్ కాగానే ఇంటికి పోదామనుకున్నాడు దస్తగీర్. కానీ పొట్టేలును రేపు, ఎల్లుండి కుర్బానీ ఇచ్చేవాళ్లు పొడి కోసం దుకాణం ముందు నిలబడి ఉన్నారు. ‘నా కోసం ఆగకుండ్రి, కానియ్యండి’ అని ఇంటికి ఫోన్ చేశాడు.

ఇల్లు చేరేసరికి పదకొండు. గల్లీ అంతా వేపుడు వాసన. హఫ్సా పళ్లెం ముందు కూర్చుంది. కుర్బానీ కార్జం నోట్లో పడేదాకా ఏమీ తిననని పొద్దుటి నుంచి ఖాళీ కడుపుతో ఉందట.

“ఎట్లుంది బేటా?”

“మస్తు మెత్తగుంది అబ్బా. రెండోసారి పెట్టించుకున్న.”

దస్తగీర్ ప్రాణం కుదుటపడింది. గిన్నె అందుకుని, మిగిలిన ముక్కలన్నీ తన చేత్తోనే ఆమె పళ్లెంలో వేశాడు.

“తిను బేటా, ఏం ఫికర్ లేదు. మంచి మేత మేసిన పొట్టేలు.”

“గిన్నె ఖాళీ అయితే ఇటియ్యండి” వంటింట్లోంచి సురయ్యా అంది. “కడిగి పక్కింటికి పంపాలె.”

పక్కింటికి ఎందుకు అని అడగబోయాడు.

పైన, డాబా మీద, వాళ్ల పొట్టేలు అరిచింది.