పాలెం సారు

మార్కాపురం ఆఫీసులో అన్ని టెస్టులూ పాసవుతున్నాయి. యర్రగొండపాలెంలో మాత్రం ఫెయిలవుతున్నాయి.

ప్రోగ్రాము అదే. టెస్టులూ అవే. ఎలీషబాకు ఏమీ అంతుపట్టడం లేదు.

ఏ గొర్రెకు ఎప్పుడు టీకా వేశారో ఎక్కించుకోవడానికి యర్రగొండపాలెం గొర్రెల కాపరుల సంఘం అడిగిన సాఫ్ట్‌వేర్ అది. సంఘం కంప్యూటర్లో ఉన్నది పాత విండోస్. అలాంటి మిషన్ ఈ ఆఫీసులో ఒక్కటీ లేదు.

సాయంత్రంలోగా అక్కడ నడవకపోతే పని వేరేవాళ్లకు పోతుంది. దాంతోపాటే ఎలీషబా ఉద్యోగం కూడా. వాళ్లింట్లో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే, నెల జీతం చూసిందీ ఆమె ఒక్కతే.

ప్రోగ్రాములో ఏ చిన్న మార్పు చేసినా ఆమె సంఘం ఆఫీసు ఫోనుకు 'నమస్తే సార్' అని మెసేజ్ పెట్టేది. ఏది నొక్కాలో వివరంగా రాసేది. అక్కడి సారు ఎవరో, చెప్పింది చెప్పినట్టే చేసి, తెర మీద వచ్చింది ఫొటో తీసి పంపేవాడు. మాట మాత్రం ఒక్కటీ రాసేవాడు కాదు. పెద్ద ఇంజినీరే అయివుంటాడని ఆమెకు భయం, గౌరవం.

ఈరోజు పొద్దుటి నుంచి ఆ సారు పలకడం లేదు.

గొంగడి వేసుకున్న ముసలాయన ఒకాయన పాత కంప్యూటరు భుజాన పెట్టుకుని, రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"రిపేరు షాపు కింద తాతా," అంది ఎలీషబా, తల తిప్పకుండానే.

"ఈడ సూపించమన్నారమ్మా."

బోర్డు మీద కంప్యూటర్ బొమ్మ ఉంటే చాలు, ఆధార్ కార్డులు పట్టుకుని కూడా జనం పైకి వస్తారు. ఆమెకు అలవాటైపోయింది.

"ఈడ కాదులే. కింద నాగేశ్వర్లన్న చూస్తాడు, పో తాతా."

ఆయన కాసేపు నిలబడ్డాడు. ఆమె హడావిడిగా సారుకు మళ్లీ మెసేజ్ కొడుతుంటే చూసి, పని చెడగొట్టడం ఎందుకనుకున్నాడేమో, మెల్లగా దిగిపోయాడు.

సాయంత్రం సంఘం కార్యదర్శి రామసుబ్బయ్య ఫోన్ చేశాడు. పని వేరేవాళ్లకు ఇచ్చేశామని చెప్పాడు.

"మా మిషన్ బాగుందని మీరే చెప్పి పంపినారంట గదమ్మా. ఇంగ లోపం మీ ప్రోగ్రాములోనే గదా."

"మేమెప్పుడు చెప్పినాం సార్?"

"ఏందమ్మా అట్లంటావు? మిషన్ చూస్తేగానీ తెలీదని రాత్రి మీ ఓనరు ఫోన్లో అంటే పొద్దున్నే పంపిస్తి. మీ కింద షాపాయన ఇప్పి చూసి ఏం కాలేదన్నాడంట. మావోడు ఎనక్కి మోసుకొచ్చినాడు."

గొంగడి తాతను కింద షాపుకు పంపింది తనేనని ఎలీషబా ఒప్పుకుంది. తప్పు తనదేనంది. ఒక్కరోజు గడువు అడిగింది. కమిటీ లేచిపోయిందన్నాడు రామసుబ్బయ్య.

"పోనీ, ఒక్కసారి మీ సారుకన్నా ఫోన్ ఇయ్యండి. ఇన్నాళ్లు నాకోసం అంత ఓపిక పట్టినారు. ఆయనకు చెప్పుకోవాల."

"ఏ సారమ్మా?"

"టెస్టులు నడిపి ఫొటోలు పంపే సారు."

"మా కాడ సార్లెవరున్నారు? నీ మెసేజీలు మనవరాలితో చదివించుకోని, నువ్వు చెప్పినట్టల్లా నొక్కిందీ, పొద్దున మీ కాడికి మిషన్ మోసుకొచ్చిందీ మా వాచ్‌మెన్ అంకన్నే."