ఒక్క చుక్క కన్నీరు

ఉపేందర్ చచ్చిపోయాడన్న మెసేజ్‌ను ఉపేందరే టైప్ చేశాడు.

'ఈ ఉదయం గుండెపోటుతో...' అని రాసి, దండం పెట్టే బొమ్మలు రెండు తగిలించి, భార్య కృష్ణకుమారి ఫోన్‌లోంచి చుట్టాలూ దోస్తులూ ఉన్న గ్రూపులోకి వదిలాడు. తర్వాత ఎల్బీనగర్‌లోని తన ఇంట్లో, తన సోఫాలోనే కూర్చుని, ఎవరు ఏడుస్తారా అని ఎదురుచూశాడు.

ఈసారి మాత్రం జోకు కాదు.

పొద్దున డాబా మీద పళ్లు తోముకుంటుంటే ఓ కాకి ఎటునుంచో వచ్చి అతని నెత్తిన తన్నిపోయింది. తల్లి కనకమ్మ చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"కాకి తన్నుడంటే గండం కొడుకా! మీ చిన్నాయన బక్కయ్యను గిట్లనే తన్నింది. నవ్విండు. నెల తిరగకముందే పాయె. పోయినవని చుట్టాలకు కబురు పంపు. ఒక్కరన్న నిజమనుకొని ఏడ్వాలె. గా కన్నీళ్లల్ల గండం కొట్టుకపోతది. పొద్దుగూకే లోపల కావాలె."

"నువ్వే ఏడ్వరాదే అమ్మా!"

"నువ్వు బతికున్నవని నాకు ఎరుకేనాయె. తెలిసి ఏడిస్తే చెల్లదు."

ఫోన్ టింగుమంది. ఉపేందర్ ఆశగా చూశాడు. దోస్తు శేఖర్ నుంచి నవ్వే బొమ్మలు, వరసగా.

'మళ్ల పోయిండా? పోయినసారి దినాలకు పిలువనే లేదు.'

వెనకే ఇంకో దోస్తు సైదులు. 'ఈసారన్న మటన్ పెడ్తరా, చికెనేనా?'

ఉపేందర్ ఫోన్ భార్యకు అందించాడు. "ఫోన్ చెయ్ కుమారీ! జర ఏడుపు గొంతుతోని మాట్లాడు."

కృష్ణకుమారి స్పీకర్ పెట్టి, పాలవాడితో మాట్లాడినట్టు చెప్పింది. "సైదులన్నా, ఆయన పోయిండు."

"చెల్లె, దిల్‌సుఖ్‌నగర్ల చీరల షాపుల నా నౌకరి ఎట్ల పోయిందో నీకు తెల్వదా? పట్టుచీర మడతల రబ్బరు బల్లి పెట్టింది ఎవలు? గిరాకామె స్టూలు మీదికెళ్లి పడి చెయ్యి ఇరగ్గొట్టుకున్నది. సేటు నన్ను ఎల్లగొట్టిండు. గా బల్లిని గూడ పాడె మీద పెట్టుర్రి. తోడుంటది."

శేఖర్ ఇంకా నయం. నెమ్మదిగా మాట్లాడాడు.

"వదినా, మన్సూరాబాద్ సంబంధం ఖాయమైతుంటే, నాకు మూర్ఛలొస్తయని పిల్ల తండ్రికి ఫోన్ చేసింది నీ మొగుడే. జోకన్నడు. గా పిల్లకు ఇప్పుడు బాబు పుట్టిండు. వీడు నిజంగ పోయిననాడు చెప్పు, డీజే నేను మాట్లాడుత."

"గంత చిన్నదానికి గింత పగనా?" ఉపేందర్ నిజంగానే ఆశ్చర్యపోయాడు.

సాయంత్రపు ఎండ ఎదురింటి నీళ్ల ట్యాంకు ఎక్కింది. ఇక మిగిలింది అల్మాస్‌గూడలో ఉన్న అత్త ఈరమ్మ ఒక్కతే. ఆమెది బటన్ ఫోన్. మెసేజ్ చూసి ఉండదు.

"మా అమ్మ జోలికి పోకు," అంది కృష్ణకుమారి. "చేసింది చాలలేదా?"

చేసింది తక్కువేం కాదు. గొంతు మార్చి, "మీ ఇల్లు మురికి నాలా మీదున్నది, బుల్డోజర్ బయల్దేరింది" అని ఫోన్ చేశాడు. ఈరమ్మ సామానంతా రోడ్డు మీదికి చేర్చి, ఆఖర్న టీవీ ఎత్తుకుని ఉరుకుతూ గడప తట్టుకుని పడింది. కాల్లో రాడ్డు వేశారు. ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేదు.

"గండం తీరంగనే పోయి కాళ్లు మొక్కుత. ఒట్టు!"

కృష్ణకుమారి నిట్టూర్చి నంబరు నొక్కింది. "అమ్మా... మీ అల్లుడు పోయిండే."

అటునుంచి ఫోన్ కట్ అయింది.

"గీమె గూడ ఏడ్వలే," ఉపేందర్ సోఫాలో జారిపోయాడు.

"గుండె ఆగినట్టయి ఉంటది," అంది కనకమ్మ. "జర ఓపిక పట్టు."

కృష్ణకుమారికి కాలు నిలవలేదు. ఆరేసిన బట్టలు తెస్తానని, ఫోన్ చేతిలో పట్టుకునే డాబా ఎక్కింది. కాసేపటికి బట్టల మూటతో దిగింది. దాన్ని మంచం మీద పడేసిందో లేదో, తమ్ముడు జగన్ నుంచి ఫోన్. స్పీకర్ పెట్టగానే ఈరమ్మ శోకాలు ఇల్లంతా మోగాయి.

"అక్కా, అమ్మను ఆపుడు నాతోనైతలేదే! గుండెలు బాదుకుంటున్నది! జెల్ది రా!"

ఉపేందర్ ఎగిరి గంతేశాడు. పొద్దు ఇంకా గూకలేదు. గండం గట్టెక్కింది! కనకమ్మ కొడుక్కు దిష్టి తీసి మెటికలు విరిచింది.

భార్యను ఎక్కించుకుని బండి మీద అల్మాస్‌గూడ బయల్దేరాడు. తన వల్ల కాలు విరిగిన మనిషి తన కోసం ఏడుస్తోంది. ఇక జోకులు బంద్. సైదులు నౌకరి కోసం సేటు కాళ్లయినా పట్టుకుంటాడు. శేఖర్‌కు పిల్లను తనే వెతుకుతాడు. దారిలో ఆగి అత్తకు బత్తాయిలు కొన్నాడు.

ఇంటి ముందు వాడకట్టు అంతా చేరింది. లోపల ఈరమ్మ మంచం మీద అటూ ఇటూ ఊగుతూ ఏడుస్తోంది. కొంగు పిండితే నీళ్లు కారేట్టుంది. ఉపేందర్ బత్తాయిలు పడేసి ఆమె కాళ్ల మీద వాలిపోయాడు.

"ఏడ్వకు అత్తమ్మా! బతికే ఉన్న! సూడు!"

ఈరమ్మ తల తిప్పి చూసింది. ఏడుపు రెండింతలయింది.

ఉపేందర్ కళ్లు తుడుచుకుంటూ బావమరిది భుజం పట్టుకున్నాడు. "నా మీద గింత పాణం పెట్టుకున్నదని తెల్వకపాయె జగన్. పాపం, ఎప్పటిసంది ఏడుస్తున్నదిరా?"

జగన్ అక్క వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

"నువ్వు పోయినవన్నప్పుడు సేమియా పాయసం పొయ్యి మీద పెట్టుమన్నది బావా, బతికే ఉన్నవని అక్క మళ్ల ఫోన్ చేసినంకనే ఏడుపు మొదలువెట్టింది."