చాప అచ్చు

"వచ్చేసింది బావా, రిజిస్ట్రేషన్ వచ్చేసింది," అంటూ సింధూరి ఫోన్ పట్టుకుని మేడ మెట్లు దిగింది. మధ్యాహ్నపు కునుకు ఇంకా మొహం మీదే ఉంది.

దేవేంద్ర అప్పుడే కొత్తవలస స్టేషన్ దగ్గరి కొట్లకి సరుకు వేసి వచ్చి బండి దిగుతున్నాడు. చెప్పులు విప్పకుండానే ఫోన్ అందుకున్నాడు. 'దాలమ్మ మామిడి తాండ్ర' అన్న పేరు, పక్కన ముక్కుపుడకతో నవ్వుతున్న తన తల్లి బొమ్మ, కింద ట్రేడ్‌మార్క్ నంబరు. పద్నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్న కాగితం.

సింధూరి అప్పటికే మేకు ఎక్కడ కొట్టాలా అని గోడలు చూస్తోంది. పెళ్ళయి ఆరు వారాలు. ఈ ఇంట్లో తన చేత్తో తగిలించబోయే మొదటి పటం అది.

దాలమ్మ పక్క ఊళ్ళో ఉన్న చెల్లెలు కూర్మమ్మ ఇంటి నుంచి వచ్చి వీధిలో కాళ్ళు కడుక్కుంటోంది. తాండ్ర పనంతా కొడుకు షెడ్డుకి మారిపోయాక, ఎండాకాలం ఆమెకి అక్కడే కాలక్షేపం.

"ఏటి వొచ్చినాదిరా?"

"ఇంక నీ పేరు, నీ బొమ్మ ఎవడూ వాడుకోడానికి లేదమ్మా. వాడితే కేసే."

"కాయితం మీద ఎవలి పేరున్నాది?"

"నీదే. బొమ్మ నీది, పేరు నీది కాబట్టి హక్కుదారుగా కూడా నిన్నే పెట్టమన్నాడు లాయరు. ఆ రోజు సంతకం పెట్టినావు కదా."

"పెట్టినాను. ఏటో తెలీకుండానే పెట్టినాను," అంటూ దాలమ్మ అరుగు మీద కూర్చుని కొంగుతో పాదాలు తుడుచుకుంది.

దేవేంద్ర సంచిలోంచి రెండు ప్యాకెట్లు తీసి ఆమె పక్కన పెట్టాడు. రెండింటి మీదా దాలమ్మే నవ్వుతోంది. ఒకటి ఇప్పుడు దేవేంద్ర తయారు చేసేది. రెండోది అతను రెండేళ్ళ క్రితం మానేసిన పాత పసుపు కవరు.

"ఇది నూకయ్య కొట్లో దొరికింది. ఎవరో ఆటోలో పంపుతున్నారంట. రేపటి నుంచి మన సరుకు వద్దంటన్నాడు. అరకు రైలు ఆగితే జనం ఈ పసుపు కవరే అడుగుతన్నారంట. మిగతా కొట్లోళ్ళు కూడా ఇదే మాటంటే షెడ్డు మూసుకోడమే."

సింధూరి పసుపు కవరు చింపి ఒక ముక్క నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుంది. ఇంకో ముక్క తీసుకుంది.

"దొంగ సరుకుని అంత ఇష్టంగా తింటన్నావేటే?"

"పరీక్ష చేస్తన్నాను బావా," అని మూడో ముక్క తిరగేసి చూసింది. అడుగున సన్నటి గీతలు. మామిడి రసాన్ని చాప మీద పొర మీద పొర పోసి ఎండబెడితే పడే అచ్చు అది. దేవేంద్ర షెడ్డులో తాండ్ర స్టీలు పళ్ళేల్లో, డ్రయ్యర్‌లో ఆరుతుంది. దాని అడుగు అద్దంలా నున్నగా ఉంటుంది.

"ఆ గీతలే మనకి సాక్ష్యం. మనం చాపలు మానేసి రెండేళ్ళయింది. గీతలున్నదేదైనా దొంగదే," అన్నాడు దేవేంద్ర.

సింధూరి గాజులు వెనక్కి తోసి, ముంజేతిని ముక్క పక్కన పెట్టింది. మేడ గదిలో దాలమ్మ అల్లిన ఈతాకు చాప మీద పడుకుని లేచిన చెయ్యి. దాని మీద గీతలు ఇంకా చెరగలేదు. రెండు పాయల తర్వాత ఒకటి, అంచు దగ్గర ఒక వరస తిరగబడి. ముక్క మీదా అంతే.

"బావా, ఇది అత్తమ్మ అల్లిక."

దేవేంద్ర చేతినీ, ముక్కనూ మార్చి మార్చి చూశాడు.

"చినబాబు," అన్నాడు. షెడ్డు రాకముందు వాళ్ళ పెరట్లో తాండ్ర పోసిన పనివాడు చినబాబు. "పాత చాపలన్నీ పారేస్తానని పట్టుకుపోయింది ఆడే. మన కాడ పని నేర్చుకుని మన పేరే పెట్టుకున్నాడు."

వెంటనే లాయరుకి ఫోన్ చేశాడు. రెండు నిమిషాలు ఊఁ కొట్టి పెట్టేశాడు.

"నోటీసు హక్కుదారు పేరునే వెళ్ళాలంట. రేపు పదింటికి నిన్ను తీసుకురమ్మన్నాడమ్మా. సంతకం పెడితే సాయంత్రానికి పంపేస్తాడంట."

"సినబాబుని ఏటీ అనకురా," అంది దాలమ్మ. "ఆ సాపలు ఆడు నా కాడికే తెచ్చినాడు."

"నీ కాడికా?"

"కూర్మమ్మ పెరట్లో ఎండ బాగా తగుల్తాది. పసుపు కవర్లు అటక మీద కట్టలు కట్టలు ఉండిపోనాయి గదా. పాడవుతాయని పట్టికెళ్ళినాను."

సింధూరి చేతిలో నాలుగో ముక్క నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

దేవేంద్ర పసుపు కవరు అందుకుని తల్లి వైపు తిప్పాడు. "అంటే ఇన్నాళ్ళూ నువ్వా అమ్మా? మన పేరు పెట్టి మనకే పోటీగా అమ్ముతన్నావా?"

"మన పేరు కాదురా, నా పేరు. కాయితం నువ్వే గదా సదివినావు."

దాలమ్మ కొడుకు ప్యాకెట్ విప్పి ఒక ముక్క తీసింది. తిరగేసి, నున్నటి అడుగుని బొటనవేలితో రాసి చూసింది. నోట్లో పెట్టుకోకుండానే మళ్ళీ కవర్లో వేసేసింది.

"రేపు పదింటికే గదా? పెందలాడే బండి తీయి, వస్తాను. నా బొమ్మెట్టుకుని ఎవుడో స్టీలు పళ్ళేల తాండ్ర అమ్ముతన్నాడు. ఆడికి నోటీసు పంపాల."