వేడి దుప్పటి

దుప్పటి సగం ఇస్త్రీ అయ్యేసరికి కరెంటు పోయింది.

ఝాన్సీ పెట్టెను అలాగే నొక్కి పట్టుకుంది. ఉన్న వేడికి మరో జానెడు మేర పొడిబారింది. ఆ తర్వాత పెట్టె చల్లారిపోయింది.

తుఫాను చోడవరాన్ని వదిలేలా లేదు. స్తంభాలు ఒరిగిపోయాయనీ, కరెంటు ఎప్పుడొస్తుందో తనకే తెలీదనీ లైన్‌మన్ అనేసి వెళ్లాడు.

లోపలి గదిలో కూతురు చిన్నారి పడుకుని ఉంది. విశాఖలో కిడ్నీ మార్చి, ఈ మధ్యే ఇంటికి పంపారు. పంపేటప్పుడు డాక్టరు ఝాన్సీని పక్కకు పిలిచి చెప్పాడు.

“కట్టుకునే బట్ట, పరుచుకునే దుప్పటి, తుడుచుకునే తువ్వాలు, ఏదైనా సరే ఉతికి, వేడిగా ఇస్త్రీ చేశాకే వాడాలి. చెమ్మ ఉండకూడదు. ఇన్‌ఫెక్షన్ వచ్చిందంటే కిడ్నీ నిలవదమ్మా.”

ఆ రోజు నుంచీ ఝాన్సీకి ఇస్త్రీయే లోకమైంది. భర్త సత్యారావు చెరకు లారీ మీద ఊళ్లు తిరుగుతాడు. ఉతకడం, ఆరేయడం, ఇస్త్రీ చేయడం అన్నీ ఆమె ఒక్కతే. చేసిన కొద్దీ బట్టల గుట్ట పెరుగుతూనే ఉంది. ఇప్పుడు ఆ గుట్ట చెమ్మ ఆరక ముక్కిపోయిన వాసన కొడుతోంది.

బీరువాలో ఇస్త్రీ చేసిన దుప్పటి ఒక్కటే మిగిలింది.

“అమ్మా, చలేస్తంది,” అంది చిన్నారి.

ఝాన్సీ నుదురు తాకి చూసింది. వెచ్చగా తగిలింది. అది జ్వరమో, తన చేతులే చల్లబడ్డాయో తేల్చుకోలేకపోయింది. వంటింట్లోకి వెళ్లి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అప్పుడే గుమ్మంలోంచి ఎవరో పిలిచారు.

“అమ్మా, ఇస్త్రీ బట్టలుంటే ఇత్తావా? నాకాడ బొగ్గుల పెట్టుంది.”

నడివయసు మనిషి. నెత్తిన గోనెసంచి కప్పుకుంది. చంకలో బరువుగా ఇస్త్రీపెట్టె.

ఝాన్సీ ఇంకేమీ అడగలేదు. బల్లను వరండాలోకి లాగింది.

వచ్చినామె బొగ్గులు రాజేసింది. పొగ లోపలికి పోకుండా తలుపు తనే దగ్గరగా వేసింది. తడి దుప్పటికి పెట్టె ఆనగానే ఆవిరి లేచింది. చెయ్యి తిరిగిన మనిషిలా లేదు. తువ్వాలు అంచు ఒకచోట మాడ్చింది కూడా.

“పనికి కొత్తా?” అడిగింది ఝాన్సీ.

“అవునమ్మా.”

“ఏ ఊరు?”

“రోలుగుంట అవతల. నా పేరు అచ్చియ్యమ్మ.”

పెట్టె తోస్తూనే అచ్చియ్యమ్మ అడిగింది. “నీ కూతురు, ఆ సిన్నగుంట, నీళ్లు బాగా తాగుతందా?”

ఝాన్సీ తలెత్తింది. “నీకెందుకు?”

“ఊరికే అడిగేను. ఒంటేలు బాగా వస్తందా అని.”

“మా గుంట సంగతి నీకెవరు సెప్పేరు?”

“ఈదిలో అనుకుంతన్నారమ్మా.”

ఝాన్సీకి ఒళ్లు మండింది. ఇల్లిల్లూ తిరిగే మనిషి. రేపు ఊరంతా చాటుతుంది. కానీ పొమ్మనలేకపోయింది. చిన్నారికి పొడి దుప్పటి కావాలి.

కరెంటు రాలేదు. అచ్చియ్యమ్మ రోజూ వచ్చింది. డబ్బులివ్వబోతే “ఉండనీ అమ్మా” అనేది. గుట్ట కరిగింది. చిన్నారికి జ్వరం రాలేదు. ఒక మధ్యాహ్నం ఝాన్సీ గోడకి చేరగిలబడి, ఎన్నాళ్లకో ఒళ్లెరక్క నిద్రపోయింది.

మెలకువ వచ్చేసరికి బల్ల దగ్గర ఎవరూ లేరు.

లోపలికి పరిగెత్తింది.

అచ్చియ్యమ్మ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఆమె అరచెయ్యి దుప్పటి మీదుగా చిన్నారి పొత్తికడుపు మీద ఉంది.

“ఏటి సేస్తన్నావు?”

“దుప్పటి సర్దుతన్నానమ్మా.”

“బయటోళ్లని లోపలికి రానీయొద్దని డాక్టరు మొత్తుకున్నాడు. నా కూతుర్ని సంపుదామనొచ్చేవా?”

ఝాన్సీ ఆమెను జబ్బ పట్టుకుని లాక్కొచ్చి వీధిలోకి నెట్టింది.

అచ్చియ్యమ్మ వానలో నిలబడి ఆ గది కిటికీ వైపు చూసింది. “తప్పయిపోనాదమ్మా. గుంట జాగర్త,” అని, పెట్టె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

“ఆవిణ్ణెందుకు తిట్టేవు?” అంది చిన్నారి. “దాహమేసి పిలిస్తే నువ్వు లేవలేదు. నేనే ఆవిణ్ణి రమ్మన్నాను. సబ్బుతో మళ్లీ మళ్లీ సేతులు కడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని వచ్చింది. నీళ్లు తాగించి ఏడ్చింది. ఎందుకంటే సెప్పలేదు.”

ఝాన్సీ వరండాలోకి వచ్చింది. ఉతికిన బట్ట అన్నది ఒక్కటి కూడా మిగలకుండా అన్నీ మడతపెట్టి ఉన్నాయి. పై దుప్పటి ఇంకా వేడిగా ఉంది.

అచ్చియ్యమ్మ రాత్రిళ్లు తలదాచుకునేది వీధి చివర అప్పలనరసమ్మ ఇంట్లో. ఝాన్సీ గొడుగైనా లేకుండా అక్కడికి పరిగెత్తింది.

“పిన్నీ, ఆ ఇస్త్రీ ఆవిడేది?”

“రోడ్డు తెరిసేరని, ఇప్పుడే బస్సుకెళ్లిపోనాది.”

“ఏ ఊరు పిన్నీ? ఎళ్లి కాళ్లట్టుకుంటాను.”

“రోలుగుంట అవతలంది. ఊరి పేరు సెప్పనేదు.”

“మళ్లీ ఇస్త్రీకొస్తాది కదా ఇటేపు?”

అప్పలనరసమ్మ ఆమె చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది.

“ఆవిడ ఇస్త్రీ మనిషి కాదే. సెరుకు కోతకెళ్లే మనిషి. మీ గుంటని ఓసారి సూసి పోదామనొచ్చి, గాలివానకి నాకాడ సిక్కుకుపోనాది. దుప్పట్లు ఆరక నువ్వు పడతన్న అవస్థ సెప్తే, మా అటక మీద పెట్టె దింపమంది. నీకు సెప్పొద్దని ఒట్టేయించుకుంది.”

“మా గుంటని సూడ్డమేటి? ఆవిడ మాకేటవుద్ది?”

“ఆస్పత్రి వరండాలో నువ్వేడస్తంటే సూసి, మీ ఊరు అక్కడే కనుక్కుందిట,” అంది అప్పలనరసమ్మ, తల దించుకుని. “ఆవిడ కొడుకు బండి మీంచి పడి సచ్చిపోనాడు. ఆడిదేనే, మీ గుంటకి పెట్టిన కిడ్నీ.”