కరెంటు పీకేసిన టవరు

ఏసీ గదిలో కూర్చుని సిగ్నల్ పటంలో ఊరంతటికీ ఆకుపచ్చ రంగు పూసిన దొరలారా, ఈ పాపం మీదే. పాత ఫోన్ టవరు ఆపేశాం, ఇక కొత్తదానికి అడ్డు సిగ్నలే ఉండదని మీ కంప్యూటరు అంచనా వేసింది. మీరు కళ్లు మూసుకుని సంతకాలు గీకారు.

రాత్రి రెండింటికి సిగ్నల్ కొలిచే మనిషి, వ్యాను తోలే అతని బామ్మర్ది గుట్ట కింద ఆగారు. ఊళ్లో దీపం లేదు. కుక్క కూడా మొరగడం లేదు. కొత్త టవరు సిగ్నల్ మీద ఇంకేదో టవరు సిగ్నల్ విరుచుకుపడుతోందని మీటరు చెబుతోంది. దాని నంబరు చూసి బామ్మర్ది మీటరు మీదికి వంగాడు.

"బావా, ఇది గుట్ట మీది పాతదే. పోయిన నెల నా చేత్తోనే కదా కరెంటు పీకింది!"

"వాగింది చాలు, ముందు మీ అక్కకి ఫోన్ కొట్టు."

నెలలు నిండిన అక్క ఇంట్లో ఒక్కతే ఉంది. తొమ్మిదోసారి కొడితే స్పీకరులో గరగర వినిపించింది. దాని వెనక ఎవరో నింపాదిగా ఊపిరి పీలుస్తున్నారు.

"అక్కేనా బావా?"

"కాదురా. వ్యాను ఇంటికి తిప్పు."

ఆఫీసుకు చెబితే డ్యూటీలో ఉన్న సారు ఆవలించాడు. "మా పటంలో అక్కడ అడ్డు సున్నా. ఆ రీడింగు చెరిపేసి పడుకో."

సున్నా అట! గుట్ట వెనకబడిపోయింది, ఇల్లు దగ్గరపడుతోంది, మీటరులో పాత టవరు అంకెలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. ఇంకా నాలుగు కిలోమీటర్లుంది. ఆ పటాన్ని తగలెయ్యండి. ఇప్పుడే ఆ ఇంటికి అంబులెన్సు పంపండి. సంతకాలు పెట్టినవాళ్లే ముందు దిగి ఆ తలుపు తట్టండి.