పాత దారం

"ఏమ్మా, ఇంత ఎండలో ఆయప్ప మెడకు తువ్వాలేంది?"

అడిగింది ఎవరో ముసలాయన. పెనుకొండలో దర్గా గోడ నీడన కూర్చున్నాడు. నెరిసిన గడ్డం, మాసిన లుంగీ, ఒళ్లో చిన్న చక్కెర పొట్లం.

ఫకీరే అనుకుంది హేమావతి. దర్గా గోడకు ఆనుకుని గడ్డంతో కూర్చున్నవాణ్ణి ఇంకేమనుకుంటారు ఎవరైనా! వెతకబోయిన తీగ కాలికి తగిలిందని సంబరపడింది కూడా.

పొద్దున్నే మొగుడు రమణను ధర్మవరంలో బస్సెక్కించి తీసుకొచ్చింది. రమణ పట్టుచీరలు నేస్తాడు. పోగు తెగితే అతికించకుండా మగ్గం దిగడని వాళ్ల వీధిలో పేరు. అలాంటివాడు తెగిన పోగులు తెగినట్టే వదిలేసి గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు. తిండి లేదు, నిద్ర లేదు, మాట అసలే లేదు.

గాలి సోకిందన్నారు ఇరుగుపొరుగు. దర్గాలో దారం కట్టిస్తే కుదురుకుంటాడన్నారు.

"జలుబు స్వామీ" అంది హేమావతి, మొగుడి మెడ మీద తువ్వాలు సర్దుతూ.

ఎండాకాలంలో జలుబట! అబద్ధమాడటం కూడా సరిగా రాదు ఆమెకు.

ముసలాయన ఆమెను పట్టించుకోలేదు. రమణకు ఎదురుగా జరిగి కూర్చున్నాడు.

"ఏమప్పా, చచ్చిపోవాలని ఉండాదా నీకు?"

హేమావతికి ఒళ్లు మండిపోయింది.

"అదేం మాట స్వామీ! దేవుడి కాడ కూచోని అడిగే మాటేనా అది? మంచి మాటే రాదా నీ నోట్లో?"

రమణ మాత్రం తలెత్తి ముసలాయన్నే చూశాడు. మెల్లగా తలూపాడు. ఆ తర్వాత ఏడ్చాడు. ఇన్నాళ్లూ ఒక్క కన్నీటిచుక్క రాలనివాడు, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా వెక్కివెక్కి ఏడ్చాడు.

హేమావతి మొగుడి పక్కనే కూలబడింది.

"మొన్న... మగ్గం మీది దూలానికి... నేను చూసినా కాబట్టి సరిపోయె. ఎవురికీ చెప్పలేదు స్వామీ. మా అత్తకు గూడా."

"నాకు చెప్తివి గదా. ఇంగ డాక్టరుకు చెప్పు. హిందూపురం పెద్దాసుపత్రికి పో. ఈ జబ్బు చూసే డాక్టర్లుండారు ఆడ."

"మా ఆయనేం పిచ్చోడు గాదు! దారం కట్టు స్వామీ, పోతాం. దానికే వచ్చినాం ఈడికి."

ముసలాయన చక్కెర పొట్లం విప్పి రమణ అరచేతిలో కాస్త పోశాడు. రమణ దాన్ని నోట్లో వేసుకున్నాడు. ఇంట్లో ఎంత బతిమాలినా మెతుకు ముట్టనివాడు తినడం చూసి హేమావతి కోపం దిగిపోయింది.

ముసలాయన తన మణికట్టుకున్న ఎర్రదారాన్ని విప్పసాగాడు. రంగు వెలిసిన దారం, ముడి బిగుసుకుపోయింది. తెంచితే సరిపోయేదానికి గోళ్లతో, పళ్లతో తంటాలు పడి విప్పాడు.

"కొత్తది లేదా స్వామీ? అంగట్లో తెస్తా" అంది హేమావతి. ఒకరు కట్టుకున్నది తన మొగుడికి కడతాడా అని ఆమె చిరాకు.

"కొత్తది వద్దు. ఇదే కట్టల్ల."

రమణ చేతికి కట్టాడు. ముడి మీద బొటనవేలు పెట్టి అట్లే పట్టుకుని చెప్పాడు.

"ఇనమ్మా. ఈ దారం ఉత్తగా పనిచేయదు. ఇప్పుడే బస్సెక్కల్ల. ఇంటికి గాదు, ఆసుపత్రికి. తువ్వాలు తీసి డాక్టరుకు మెడ చూపించల్ల. దూలం మాట దాస్తే దారానికి కోపమొస్తాది. ఇచ్చిన మాత్రలు ఆపినా అంతే."

"అట్లే స్వామీ."

"ఆడికి పోయేదాకా ఈ చెయ్యి ఇడవాకు. నీళ్లకని గూడా ఇడిసిపెట్టి పోవాకు. ఇనపడిందా? నీళ్లకని గూడా."

డాక్టరు మాటైతే హేమావతి వినేది కాదు. ఫకీరు మాట! కాదంటే ఏం మూడుతుందోనని హిందూపురం బస్సెక్కింది. దోవలో దాహమేస్తే చెయ్యి వదలకుండానే కుళాయి దాకా లాక్కుపోయి తాగింది.

ఆసుపత్రిలో తువ్వాలు తీసింది. దూలం మాట చెప్పింది. డాక్టరమ్మ నవ్వలేదు, కసరలేదు.

"టయానికి తెచ్చినావమ్మా" అని, రమణను అక్కడే ఉంచుకుంది.

ఇంటికొచ్చాక రమణ మాత్రలొద్దని మొరాయించినప్పుడల్లా హేమావతి చేతి దారం చూపించేది. "కోపమొస్తాది సూడు" అనేది. మారు మాట లేకుండా మింగేవాడు.

ఒకరోజు పొయ్యి కాడ ఉన్న ఆమెకు పక్క గదిలో అలికిడి వినపడింది. పోయి చూస్తే రమణ మగ్గం మీద వంగి, తెగిన పోగులు ఒక్కొక్కటే వేళ్ల కొసలతో మెలిపెట్టి అతికిస్తున్నాడు.

గడప దగ్గరే నిలబడిపోయింది హేమావతి. పెళ్లయినప్పటి నుంచి రోజూ చూసే పనే. ఆ పొద్దు దండం పెట్టాలనిపించింది.

"పదయ్యా, ఫకీరుస్వామికి కనపడొద్దాం" అంది.

చక్కెర, పూలు పట్టుకుని ఇద్దరూ పెనుకొండ పోయారు. గోడ నీడ ఉంది, ఆయన లేడు. దర్గా ముందర పూలమ్మే సైమా అనే ఆమెను అడిగితే వింతగా చూసింది.

"నెరిసిన గడ్డమా? మా మామ హజరత్‌వలి అక్కా. ఫకీరేంది, పరిగిలో పంచర్లేస్తాడు!"

"మాకు దారం కట్టినాడే!"

హేమావతి జరిగిందంతా చెప్పింది. రమణ చెయ్యి చాపాడు. దారం చూసి సైమా పూలు కట్టడం ఆపేసింది.

"మా మామ కూతురికీ ఇట్లే అయిండె. మాట లేదు, కూడు లేదు. ఈడ దారం కట్టిచ్చి ఇంటికి తోడకపోయినాడు. ఆసుపత్రికి పొమ్మని చెప్పేవాళ్లు లేకపాయె. బిడ్డకు నీళ్లు తెద్దామని అట్ల పోయొచ్చేలోపల..."

హేమావతి రమణ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బిడ్డ పోయిన నలభయ్యో దినాన దర్గాలో చక్కెర చదివించనీకి వచ్చినాడు మామ. ఆ పొద్దే మీకు కనపడింటాడు, మళ్లా ఈడికి రాలేదు."

హేమావతికి ఆ మాసిన లుంగీ, పళ్లతో విప్పిన ముడి కళ్లముందు కదిలాయి. కొత్తది లేదా అని అడిగిందే తను!

సైమా ఆ వెలిసిన ముడిని వేలితో తాకి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బిడ్డకు ఆఖరి స్నానం చేయించేటప్పుడు ఆ చేతి నుంచి నేనే ఇప్పి మామకిచ్చిన దారం అక్కా ఇది."