అడుగున అంటించిన పేరు

ఈ నెబ్రాస్కా ఊళ్లో అందరూ నవ్వుతారు. ఎలా ఉన్నావని అడిగి, జవాబు వినకుండా వెళ్ళిపోతారు. నా పేరు అడిగింది పక్కింటి ఆర్డిస్ ఒక్కతే.

నేను వచ్చిన వారం ఆవిడ గాజు గిన్నెలో చీజు వేసి కాల్చిన బంగాళాదుంపలు తెచ్చింది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని పులిహోర పెట్టి ఇచ్చాను. ఆవిడకూ అదే పట్టింపు. చలికాలమంతా ఆ గిన్నె అటూ ఇటూ తిరిగింది.

ఇవాళ ఆ గిన్నెలో పులిహోర పట్టుకుని వెళితే వాకిలి నిండా కార్లు. వచ్చినవాళ్ళందరి చేతుల్లోనూ వంటకాలు. విందేమో అనుకున్నాను.

తలుపు తీసింది ఆర్డిస్ కూతురు.

"రాత్రి నిద్రలోనే పోయిందమ్మా మా అమ్మ. ఎలా ఉన్నావు?"

"బాగున్నాను," అన్నాను. ఇక్కడ నాకు అలవాటైన జవాబు అదొక్కటే.

ఎవరి గిన్నె వాళ్ళకి చేరాలని ఇక్కడ అడుగున పేరు రాసిన చీటీ అంటిస్తారు. ఆమె నా చేతిలోని గిన్నె అందుకుని, ఎత్తి అడుగున చూసింది. తల్లి పేరుంది. ఆ చీటీ మెల్లగా ఒలిచి తన చేతిమీద అంటించుకుంది.

"ఇక ఇది నీదే. ఆగు, ఖాళీగా పంపితే అమ్మ నన్ను తిడుతుంది."

పులిహోర వేరే పళ్ళెంలోకి తీసి, గిన్నెలో కేకు ముక్కలు పెట్టి, అడుగున కొత్త చీటీ అంటించి, దానిమీద ప్రసూన అని రాసింది.

నేనింకా నా పేరు చెప్పలేదు.